గన్నేరుకు నీళ్ళు పోసే ముందు

మా పెరట్లో ఒకే కొమ్మ నుంచి తీసిన రెండు గన్నేరు చెట్లున్నాయి. ఒకటి కుళాయి పక్కన, వేపచెట్టు నీడలో ఉంది. దాన్ని నేను నాటాను. రెండోది పెరటి గోడ అవతల, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర దిబ్బ మీద ఉంది. మిగిలిపోయిన ముక్కను పారేయబుద్ధి కాక మా అమ్మ దాన్ని అక్కడ గుచ్చి వచ్చింది. నేను రోజూ పొద్దున్నే నా చెట్టుకు రెండు చెంబుల నీళ్ళు పోసేవాణ్ణి. నెలకోసారి గుప్పెడు యూరియా వేసేవాణ్ణి. ఏడాదిన్నర తిరిగేసరికి అది నా ఎత్తు దాటింది. ఆకు నిగనిగలాడుతూ దట్టంగా ఉంది కానీ ఒక్క పూగుత్తి లేదు. లేత కొసలన్నిటికీ పసుపు రంగు పేనుబంక పట్టింది. గోడ అవతలిది నడుము దాకా కూడా రాలేదు. అయినా ఏప్రిల్ ఎండల్లో దాని ప్రతి కొమ్మ చివరా గులాబీ రంగు పూలు విరగబూశాయి.

"రోజూ నువ్వు దాని మీద పడితే అది ఎట్ల పూస్తుందిరా? కొన్నాళ్ళు ఇడిసిపెట్టు దాన్ని" అంది అమ్మ.

గన్నేరు పెంచేవాళ్ళు నేర్చుకోవాల్సినవి రెండే. నీళ్ళ దగ్గర, ఎరువు దగ్గర చేయి ఆపుకోవాలి. కత్తిరించి పడేసిన కొమ్మ దగ్గర, పిల్లల దగ్గర, పశువుల దగ్గర మాత్రం కన్ను పక్కకు తిప్పకూడదు. మొదటిది నాకు ఒక చెట్టు పూయకపోవడం వల్ల తెలిసింది. రెండోది తెలియడానికి మా పక్కింటివాళ్ళు ఒక దూడను పోగొట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మొక్క గురించి తెలుసుకుందాం.

వాగులో పుట్టిన మొక్క

గన్నేరు ఎండకు పుట్టిన మొక్క అనుకుంటాం. దాని అసలు చోటు వాగు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో, అక్కణ్ణుంచి ఇరాన్ మీదుగా మన హిమాలయాల పాదాల దాకా, ఎండాకాలం ఎండిపోయి వానాకాలం పారే వాగుల గులకరాళ్ళ మధ్య అది సహజంగా పెరుగుతుంది. లిన్నేయస్ 1753లో దానికి పెట్టిన శాస్త్రీయ నామం నీరియం ఒలియాండర్. అందులోని నీరియం అనే మాటకు మూలం నీటి తడిని సూచించే గ్రీకు పదం. ఎండకు పేరుపడ్డ మొక్క పేరులో నీళ్ళున్నాయి!

మన నల్లమల అంచున ఉన్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వానల్లో మనిషిని ఈడ్చుకుపోయే వంక మార్చి నాటికి ఇసుక మేటలు, గుండ్రాళ్ళు తప్ప ఏమీ లేకుండా పడి ఉంటుంది. పైన చుక్క కనబడదు. రెండు మూడు అడుగులు చెలమ తవ్వితే నీళ్ళు ఊరతాయి. అలాంటి చోట బతకాలంటే వేరు కిందికి పోవాలి, ఆకు ఉన్న తడిని గట్టిగా పట్టుకోవాలి. గన్నేరు ఈ రెండూ చేస్తుంది.

ఒక ఆకును చెట్టు మీదే పట్టుకుని చూడండి. ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు చుట్టూ తిరిగి ఉంటాయి. పై భాగం తోలులా మందంగా, మైనం పూసినట్టు ఉంటుంది. తిప్పి చూస్తే మధ్య ఈనె నుంచి రెండు వైపులకీ సన్నని ఈనెలు దువ్వెన పళ్ళలా సమంగా పోతుంటాయి. ఆ ఈనెల మధ్య, భూతద్దంతో చూస్తే, చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆకు ఊపిరి పీల్చే రంధ్రాలు బయటికి లేకుండా ఆ గుంటల అడుగున ఉన్నాయి. గుంటల లోపల నూగు ఉంటుంది. వడగాలి నేరుగా రంధ్రాన్ని తాకదు కాబట్టి తడి త్వరగా ఆవిరి కాదు. మే నెలలో నంద్యాల వైపు 44, 45 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు మందారం మధ్యాహ్నానికల్లా తల వాలుస్తుంది. గన్నేరు ఆకు నిటారుగానే ఉంటుంది.

మా అమ్మ కంకర దిబ్బ సరిగ్గా ఒక చిన్న ఎండు వాగులాంటిదే. నేను మాత్రం వాగు మొక్కను తెచ్చి చెంబునీళ్ళకు అలవాటు చేశాను. రోజూ పైన నాలుగంగుళాల మట్టి తడుస్తుంటే వేరు కిందికి పోవాల్సిన అవసరం ఏముంది? పైగా వేపచెట్టు నీడ, పైగా యూరియా. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు పెట్టుకుంటుంది. లేత ఆకు ఎక్కడ ఎక్కువగా ఉంటే పేనుబంక అక్కడికే వస్తుంది. నేను ప్రేమతో చేసినవే మూడూ పూతకు అడ్డం వచ్చాయి.

నీళ్ళు చూసిన చేయి

మా పాములపాడులో పుట్టినవాళ్ళకు నీళ్ళ దగ్గర చేయి ఆపుకోవడం ఎందుకు కష్టమో నాకు తెలుసు. ఇది కాలువల మండలం. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ నుంచి వచ్చే శ్రీశైలం నీళ్ళు మా మండలంలోని బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర మూడు దారులవుతాయి. ఒకటి తెలుగుగంగ కోసం వెలుగోడు రిజర్వాయరుకు పోతుంది. ఒకటి శ్రీశైలం కుడి బ్రాంచి కాలువకు, ఇంకొకటి నిప్పులవాగు మీదుగా కేసీ కాలువ ఆయకట్టుకు. కాలువ వచ్చిందంటే ఊళ్ళో మాటంతా నీళ్ళ గురించే. వచ్చినప్పుడు పెట్టుకోకపోతే మళ్ళీ ఎప్పుడొస్తాయో అన్న భయం మా రక్తంలో ఉంది. వరి మడికి అది సరైన బుద్ధి. గన్నేరుకు పనికిరాదు.

అందుకే ఒక అలవాటు చెప్తాను. నీళ్ళు పోసే ముందు మొక్క మొదలుకు జానెడు దూరంలో చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి గుచ్చండి. వేలికి చల్లగా తగిలినా, మట్టి అంటుకొచ్చినా చెంబు పక్కన పెట్టేయండి. పొడిగా, వెచ్చగా ఉంటేనే పోయండి. పోసినప్పుడు బిందెడు పోయండి, నెమ్మదిగా, అడుగున్నర లోతుకు దిగేలా. మొదటి వేసవిలో ఇలా నాలుగైదు రోజులకొకసారి పోస్తే చాలు. రెండో వేసవిలో వారం పది రోజులకు ఒకసారి. మూడో ఏడు దాటిన చెట్టుకు నేల మీద ఉంటే వానలే సరిపోతాయి. నడి వేసవిలో రెండు మూడు తడులిస్తే పూలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. కుండీలో ఉన్నదానికి ఈ లెక్క పనికిరాదు. వేరుకు పోయే చోటు లేదు కాబట్టి ఎండాకాలం దాన్ని రోజు విడిచి రోజు చూడాల్సిందే.

వేలు పెట్టి చూడటం చిన్న పని. కానీ చేయి కదిలే ముందు కన్ను కదలడం దానివల్లే అలవాటైంది నాకు. అంతకుముందు నా శ్రద్ధ అంతా పోయడంలోనే ఉండేది, చూడటంలో లేదు. ఇప్పుడు ఇంట్లో పిల్లవాడు లెక్క చేస్తూ ఆగిపోతే, వెంటనే పెన్సిలు లాక్కుని చెప్పకుండా, వాడు నిజంగా ఆగాడా, ఆలోచిస్తున్నాడా అని ముందు చూస్తున్నాను.

నాటడం

కొమ్మతో పెంచడమే తేలిక. పెన్సిలంత లావున్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను 6 నుంచి 8 అంగుళాల ముక్కగా కణుపు కింద కోయండి. చేతికి తొడుగు వేసుకోండి. కోసిన చోట జిగట రసం వస్తుంది, అది కంట్లో పడకూడదు. కింది ఆకులు తీసేసి పైన నాలుగైదు ఉంచండి. ముదురు రంగు సీసాలో రెండంగుళాల నీళ్ళు పోసి అందులో నిలబెడితే మూడు నాలుగు వారాల్లో తెల్లటి వేళ్ళు వస్తాయి. నీళ్ళు మూడు రోజులకొకసారి మార్చండి. ఆ సీసాను మాత్రం పిల్లలకు అందే చోట పెట్టొద్దు, ఆ పాత నీళ్ళను కోళ్ళు తాగే చోట పారబోయొద్దు. కొమ్మలోని విషం నీళ్ళలోకి దిగుతుంది. సీసా గొడవ వద్దనుకుంటే తొలకరి వానలు పడ్డాక ఇసుక కలిపిన మట్టిలో నేరుగా గుచ్చినా నాలుగింట మూడు బతుకుతాయి. మా పెరట్లో అలాగే జరుగుతోంది.

మా వైపు నల్లరేగడి నేలలెక్కువ. తెలంగాణ ఎర్ర నేలల్లో నాటేవాళ్ళకు లేని చిక్కు ఇక్కడ ఒకటుంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. నెర్రె విచ్చినప్పుడు చిన్న మొక్క వేళ్ళు తెగుతాయి. వానల్లో ఆ మట్టి నీళ్ళను దిగనివ్వక వేరును కుళ్ళబెడుతుంది. పెద్ద గన్నేరు రెండింటినీ తట్టుకుంటుంది, పిల్ల మొక్క తట్టుకోదు. కాబట్టి అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గుంత తీసి, తీసిన మట్టిలో సగమే తిరిగి వాడండి. మిగతా సగానికి గరప మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. మొక్క మొదలు చుట్టూ నేల కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉండాలి. పైన శనగ పొట్టో, వేరుశనగ పొట్టో మూడంగుళాల మందాన పరిస్తే నెర్రెలు విచ్చవు. పొట్టు మొదలుకు తగలకుండా కాస్త ఎడం ఉంచండి.

చోటు ఎంచుకోవడంలో ఎండ ముఖ్యం. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడకపోతే మీరు ఏం చేసినా పూత తక్కువే. ఎరువు సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఏడాదికోసారి తొలకరికి ముందు ఒక గంప పశువుల ఎరువు. అంతకు మించి ఏమీ వద్దు.

పేర్ల దగ్గర పొరపాటు పడకండి. గన్నేరు పేరుతో మనకు నాలుగు మొక్కలున్నాయి. ఈ అధ్యాయం ఎర్ర, తెల్ల, ముద్ద గన్నేరుల గురించి, అంటే సంస్కృతంలో కరవీరం అనేదాని గురించి. గంటలాంటి పసుపు పూలు పూసి, ముక్కోణపు పచ్చి కాయలు కాసే పచ్చగన్నేరు వేరు, అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాని గింజ ఇంకా ప్రమాదం. గుడి ముందు లావుపాటి కొమ్మలతో ఉండే దేవగన్నేరు వేరు. మూరెడు ఎత్తులో మెట్ల పక్కన మొలిచే బిళ్ళగన్నేరు ఇంకా వేరు, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు దాన్నుంచే వచ్చింది. నాలుగూ ఒకే కుటుంబం మొక్కలు. ఒకదాని మందును ఇంకోదానికి అంటగట్టి ఆకులు నమిలేవాళ్ళున్నారు, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

కత్తెర

గన్నేరు పూసేది కొత్త కొమ్మ చివరనే. పాత కొమ్మ ఎంత పొడవు సాగినా దాని చివర ఉండేది ఒక్క గుత్తే. కొమ్మను కోస్తే ఏమవుతుందో రెండు వారాలు గమనించండి. కోత కింద ఉన్న కణుపు దగ్గర మూడు ఆకులుంటాయని చెప్పాను కదా. ఆ మూడు ఆకుల చంకల్లో మూడు పచ్చటి ముక్కులు పొడుచుకొస్తాయి. ఒక కొమ్మ మూడవుతుంది. ఆ మూడూ జానెడు పెరిగాక చివరలు తుంచితే, ఒక్కోటీ మళ్ళీ రెండు మూడు అవుతాయి. ఒక గుత్తి పూసిన చోట ఆరేడు గుత్తులు పూయడం వెనక ఉన్న లెక్క ఇంతే.

మా వైపు సంక్రాంతి దాటాక, శివరాత్రికి ముందు కోయడం మంచిది. ఎండలు ముదిరేలోగా కొత్త కొమ్మ వచ్చి ఏప్రిల్‌కు పూతకు అందుతుంది. శివరాత్రి పూజకే పూలు కావాలనుకుంటే మూడో వంతు కొమ్మలను దీపావళి వెళ్ళగానే కోసి, మిగతావి సంక్రాంతి తర్వాతకు ఉంచండి. చెట్టు ముసలిదై మొదట్లో బోసిపోయి ఉంటే ఒకేసారి నరికేయకండి. ఏటా మూడో వంతు లావు కొమ్మలను నేలకు అడుగు ఎత్తులో తీసేస్తే మూడేళ్ళలో చెట్టంతా కొత్తదవుతుంది. మొదలు నుంచి నిలువుగా తన్నుకొచ్చే పిలకలను లేతగా ఉన్నప్పుడే పెరికేయాలి. కోస్తే మళ్ళీ వస్తాయి.

కోయడానికి చేయి రాని వాళ్ళుంటారు, నేనూ అలాగే ఉండేవాణ్ణి. నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గర కాసేపు నిలబడితే, రాయి మీద గీత గీసుకున్న తర్వాతే ఉలి పెట్టడం చూస్తారు. అలాగే కోయాలనుకున్న కొమ్మలకు ముందురోజు సాయంత్రం ఎర్ర దారం కట్టండి. రాత్రి గడవనివ్వండి. పొద్దున్నే నాలుగు వైపుల నుంచీ చెట్టును చూడండి. ఒకటో రెండో దారాలు విప్పేస్తారు, ఇంకో రెండు కొత్తగా కడతారు. అప్పుడు కత్తెర తీయండి.

రాలిన ఆకు

ఇక ఆ దూడ సంగతి.

నా కుళాయి పక్క చెట్టును దారికి తెద్దామని ఒక జనవరిలో దాన్ని సగానికి కోసేశాను. రెండు మోపుల కొమ్మలు వచ్చాయి. వాటిని వెనక దడి మీదికి విసిరాను. ఎండాక పొయ్యిలోకి పనికొస్తాయనుకున్నాను. పచ్చి గన్నేరు ఆకును పశువు ముట్టదని అందరికీ తెలుసు. చేదుకు మొహం తిప్పుకుంటుంది. ఆ తెలివే మమ్మల్ని మోసం చేసింది. ఆకు ఎండితే చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. వారం రోజులకు ఆ ఆకులు గాలికి రాలి, దడి అవతల పక్కింటి చిన్నాయన వేసిన జొన్న చొప్పలో కలిశాయి. చొప్పతో పాటు దూడ వాటిని తినింది. సాయంత్రం పొట్ట నొప్పితో పడుకుని లేచి, పడుకుని లేచి అల్లాడింది, నోటి వెంట చొంగ కార్చింది. పారుడు పట్టింది. పశువుల డాక్టరు వచ్చి చెవి ఆనించి విని, గుండె ఒకసారి పరుగెడుతోంది, ఒకసారి ఆగుతోంది అన్నాడు. తెల్లారేసరికి దూడ పోయింది. ఈనిన బర్రె రెండు రోజులు మేత ముట్టలేదు.

చొప్పలో చెయ్యి పెట్టి చూస్తే మడత పడిన, సన్నటి, గోధుమ రంగు ఆకులు. మా చెట్టువే. నేను వాటిని తీసుకుపోయి చిన్నాయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "నీకు తెలీక చేసినావు. ఇప్పుడు తెలిసింది గదా, ఊళ్ళో నలుగురికీ చెప్పు" అన్నాడు. ఈ అధ్యాయం రాయడానికి ఆ మాటే కారణం.

గన్నేరులో విషం లేని భాగం లేదు. వేరు, బెరడు, ఆకు, పువ్వు, గింజ, రసం అన్నిట్లోనూ ఒలియాండ్రిన్ వంటి పదార్థాలున్నాయి. గుండె కండరపు కణాల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే ఏర్పాటు ఒకటుంటుంది. ఈ పదార్థాలు దాన్ని అడ్డుకుంటాయి. దాంతో గుండె లయ తప్పుతుంది. కొద్ది ఆకులే పెద్ద పశువును కూడా పడగొట్టగలవు. 2024లో కేరళలో ఒక యువతి గన్నేరు ఆకులు నమలడం వల్లే చనిపోయిందన్న అనుమానం వచ్చాక, తిరువాంకూరు దేవస్వం బోర్డు తన గుళ్ళలో నైవేద్యానికీ ప్రసాదానికీ గన్నేరు పూలు వాడొద్దని ఆ మే నెలలో నిర్ణయించింది. మన వైపూ శివుడికి గన్నేరు పూలంటే ప్రీతి. లింగం మీద పెట్టండి, ఎవరికీ అభ్యంతరం లేదు. తీర్థం చెంబులోకి, ప్రసాదం పళ్ళెంలోకి మాత్రం ఒక్క రేకు కూడా రానివ్వకండి.

మా ఇంట్లో ఇప్పుడు పాటించేవి చెప్తాను. కోత రోజునే మోపు కట్టి, పెరటి చివర, బోరుకూ కొట్టానికీ దూరంగా మూడడుగుల గుంత తీసి పూడ్చేస్తాం. పొయ్యిలో పెట్టం. నీళ్ళ పొయ్యిలో కూడా పెట్టం, దాని పొగ కూడా హాని చేస్తుంది. కింద రాలిన ఆకులను ఊడ్చి అదే గుంతలో వేస్తాం. పాదు కట్టడానికీ, పందిరి గుంజకూ, మాంసం కాల్చే పుల్లకూ గన్నేరు కొమ్మ వాడం. పిల్లలకు కానుగ పుల్ల, వేప పుల్ల, గన్నేరు పుల్ల మూడూ చేతికిచ్చి తేడా చూపించాం. పొద్దున్నే చేతికందిన పుల్లను విరిచి పళ్ళు తోముకునే అలవాటున్న ఊళ్ళో ఇది ముందు చెప్పాల్సిన పాఠం. ఆ చెట్టును ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడగాలని కూడా చెప్పాం.

ఎవరైనా నమిలారని తెలిస్తే నోరు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే పని పెట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. చెట్టు కొమ్మ ఒకటి సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోండి. డాక్టరు ఏ విషమో వెతుక్కునే సమయం మిగులుతుంది. వాంతులు, కడుపునొప్పి, కళ్ళు మసకబారడం, తల తిరగడం మొదలయ్యేదాకా ఆగొద్దు. పశువైతే 1962కి చేయండి, ఆంధ్రప్రదేశ్‌లో పశువుల అంబులెన్సు నంబరు అది.

ఇంత విషం ఉన్న చెట్టు ఇంట్లో ఎందుకు అని మా అమ్మను వదినలు అడిగారు. నేనూ ఒక రోజు గొడ్డలి తీసుకుని వెళ్ళాను. అమ్మ అడ్డం వచ్చింది. "చెట్టు ఏం చేసిందిరా? ఇసిరింది నువ్వు" అంది. నిజమే. రాళ్ళ వాగులో మేకలు, పశువుల మధ్య వేలయేళ్ళు బతికి రావడానికి ఆ చేదు దానికి కంచె.

దాని బతుకు ఎలాంటిదో చెప్పే రెండు ఊళ్ళున్నాయి. అమెరికాలోని టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్ అనే దీవి ఊరుంది. 1841లో జమైకా నుంచి ఓడలో వచ్చిన కొన్ని గన్నేరు మొక్కలతో అక్కడ దాని పెంపకం మొదలైంది. ఉప్పుగాలి, ఇసుక, తుఫాన్లు అన్నిటినీ తట్టుకుని ఆ ఊరంతా నిండిపోయింది. ఈ మొక్క ఒక్కదాని కోసమే పనిచేసే సంఘం కూడా 1967లో అక్కడే పుట్టింది. రెండోది హిరోషిమా. 1945 ఆగస్టులో బాంబు పడ్డాక, అక్కడ ఇక ఏళ్ళ తరబడి ఏమీ మొలవదని జనం నమ్మిన నేలలో, ముందుగా పూసినవాటిలో గన్నేరు ఒకటి. 1973లో ఆ నగరం దాన్ని తన పువ్వుగా ప్రకటించుకుంది. నంద్యాల, ఆళ్లగడ్డల వైపు పెద్ద రోడ్ల మీద పోయేటప్పుడు డివైడరు మధ్యలో దాన్ని చూస్తే నాకు ఆ ఊరు గుర్తొస్తుంది. లారీల పొగ, తారు వేడి, ఎప్పుడో వచ్చే ట్యాంకరు నీళ్ళు. రాత్రి ఎదుటి బండి దీపాలు కంట్లో కొట్టకుండా అడ్డం నిలబడుతుంది. పశువులు మేయవు కాబట్టి కంచె అక్కర్లేదు.

ఆకు కింద

పురుగుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పసుపు ఒళ్ళు, నల్ల కాళ్ళు ఉన్న పేనుబంక కనిపిస్తే గట్టిగా నీళ్ళు చిమ్మి రాల్చండి. మిగిలితే లీటరు నీటికి ఒక చెంచా వంటపాత్రల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లండి. యూరియా మానేసిన ఏడాది నుంచి మాకు ఆ అవసరం రాలేదు. పిండినల్లి పట్టిన కొమ్మను కోసి పూడ్చేయడమే. ఆకులను అంచుల నుంచి తినే లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు, తల వెనక నీలం కళ్ళ లాంటి రెండు మచ్చలతో ఉంటుంది. అది పెద్ద చిమ్మటగా మారుతుంది. చెట్టు పెద్దదైతే దాన్ని వదిలేయండి, ఆకులు మళ్ళీ వస్తాయి.

ఇంకో పురుగు ఉంది, దాన్ని మాత్రం చంపొద్దు. గోధుమ, తెలుపు చారల ఒంటి మీద నాలుగు జతల నల్లటి మెత్తని కొమ్ములు. మన పెరళ్ళలో తిరిగే తెల్ల చుక్కల గోధుమ రంగు సీతాకోకచిలుక పిల్ల అది. గన్నేరు విషం దాన్ని ఏమీ చేయదు. ఒక వానాకాలం పొద్దున ఆకు తిప్పి చూస్తే, ఈనెకు తలకిందులుగా వేలాడుతూ వెండి బొట్టులాంటిది ఒకటి కనబడింది. చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. దాని మీద నా ముఖం, వెనక గోడ, ఆకాశం, అన్నీ వంకరగా కనిపించాయి. అదే దాని గూడు. పది రోజులకు ఆ వెండి నల్లబడి, ఖాళీ డొప్ప మిగిలింది. పిల్లలకు అక్కడే చెప్పాను, చూడొచ్చు, ముట్టుకోవద్దు అని. నాలుగు రోజులు వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి చూసిపోయారు.

రెండేళ్ళ తర్వాత, మొన్న శ్రావణంలో, చిన్నాయన దడి దగ్గర నిలబడి మా అమ్మ చెట్టు వైపు చూస్తూ, "ఆ గన్నేరు ముక్క ఒకటి ఇయ్యి నాయనా, కార్తీకానికి మా ఇంట్లోనే పూలుంటాయి" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు కాసేపు. తొడుగు వేసుకుని, మంచి కొమ్మ చూసి, కణుపు కింద కోశాను. కింది ఆకులు తీసి నా సంచిలోనే వేసుకున్నాను. ముక్కకు తడిగుడ్డ చుట్టి ఇచ్చే ముందు అడిగాను.

"ఎక్కడ నాటుతావు చిన్నాయనా?"

"ఇంటి ముందర."

"కొట్టానికి ఎన్ని అడుగులుంటుంది?"

ఆయన తల తిప్పి తన ఇంటి వైపు చూసుకున్నాడు. లెక్క పెట్టుకున్నాడు. "గాలి అటే కొడుతుంది గదా" అన్నాడు. ఇద్దరం కలిసి వెళ్ళి ఇంటికి ఎడమ పక్క, కొట్టం గాలికి అందని చోట, ఎండ బాగా పడే మూలలో గడ్డపారతో గుంత తీశాం.